ఛైర్మన్‌గారి కంచం

నమోదు 211

ఇది ఆకాశంలో తిరిగే శబరి చక్రం, మూడో వీధి, వరహాలమ్మ మెస్సు. రోజూ ఏ పూట ఏం వండామో గోడలో ఉన్న ఈ డబ్బాకి చెప్పాలని చట్టం. వండిందే చెప్పాలి, సొంత గోల చెప్పకూడదని పోయిన వారం ఇన్‌స్పెక్టరు హెచ్చరిక పంపాడు. నాయనా, నేను సొంత గోలే చెబుతాను. నువ్వు చెవుల్లో దూది పెట్టుకో.

పొద్దున నూకల ఉప్మా. మధ్యాహ్నం అన్నం, చారు. పప్పు చేయలేదు. ఎందుకు చేయలేదో విను.

మంజీర చక్రం వ్యాపారి మస్తానమ్మ ఓడ వచ్చిందని గంట కొట్టగానే సంచులు పట్టుకుని రేవు గేటుకి వెళ్ళాను. బయటి సరుకు మీద సుంకం పెట్టాక వచ్చిన మొదటి ఓడ ఇది. మా చక్రంలో మంచు తవ్వుతాం, ఇనుము కరిగిస్తాం, తొట్లలో బియ్యం పండిస్తాం. చింతపండు, కందిపప్పు, మిరపకాయలు కావాలంటే మాత్రం మంజీర చక్రమే దిక్కు. వాళ్ళకి మట్టి ఉంది, ఎండ దీపాలు ఉన్నాయి. మాకు కిటికీలోంచి చూస్తే నల్లటి ఆకాశం, పనికిరాని చుక్కలు, అంతే.

మస్తానమ్మ చింతపండు తూచి ఎప్పటి ధరే చెప్పింది. నేను ఆశ్చర్యపోయాను. "పెంచలేదేంటే?" అన్నాను.

"నేనెందుకు పెంచుతాను? నా రేటు నాదే. మిగతాది అదిగో, ఆ బల్ల దగ్గర కట్టుకో."

బల్ల వెనక ఉన్న గుమాస్తా సరుకు ధర ఎంతో సుంకమూ అంతే వేసి చీటీ నా చేతిలో పెట్టాడు.

"ఇది మంజీరవాళ్ళు కట్టాలి కదయ్యా!" అన్నాను.

"సరుకు లోపలికి ఎవరు తీసుకెళ్తే వాళ్ళు కట్టాలమ్మా. తీసుకెళ్తోంది మీరే కదా."

వెనకాల మస్తానమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి నా ఒళ్ళు మండిపోయింది. చింతపండు సగమే తీసుకుని, పప్పు సంచి అక్కడే దించేసి వచ్చాను.

నమోదు 212

పొద్దున ఉప్మా. మధ్యాహ్నం అన్నం, పలచటి చారు. 

భోజనాలయ్యాక కంచాలు కడిగి గోడ మేకులకి తగిలిస్తుంటే చెయ్యి ఆడలేదు. ప్రతి కంచం మీదా ఒక ఓటు ఉంది. ఈ చక్రం కొత్తగా తిరగడం మొదలెట్టినప్పుడు ఆకలి ఏళ్ళు వచ్చాయట. ఎవరు కూడు పెడితే వాళ్ళే మన తరఫున మాట్లాడాలని అప్పుడు మా తాతలు ఒప్పందం చేసుకున్నారు. అందుకే ఎవరి కంచం ఏ మెస్సు మేకుకి వేలాడుతుందో వాళ్ళ ఓటు ఆ మెస్సు యజమాని వేస్తారు. వేసేముందు భోజనాల దగ్గర అందరినీ అడగాలి. నేను అడిగాను. "నువ్వెటంటే అటే వరహాలూ, నీ ఉప్పు తింటున్నాం," అన్నారు.

ఆరు మెస్సుల్లోకీ నాదే పెద్దది. నా గోడ ఎటు మొగ్గితే ఛైర్మన్ కుర్చీ అటే మొగ్గుతుంది. మంజీర సరుకు మీద సుంకం వేస్తాను, ఆ సుంకం మంజీరవాళ్ళ చేతే కట్టిస్తాను అన్నాడు ఆ కుర్చీకి నిలబడ్డ పుల్లేశ్వరరావు. కట్టనీ, బుద్ధి రావాలి అనుకున్నాను. ఎందుకంటే అంతకు నెల ముందు మస్తానమ్మ అమ్మిన పప్పులో రాయి వచ్చి మా సూరన్న బాబాయ్ పన్ను విరిగింది. అడగబోతే "గట్టి పళ్ళు పెట్టించుకోమను," అంది ఆ మహాతల్లి. దాని పొగరు దించాలని నా గోడ మీదున్న కంచాలన్నీ తీసుకెళ్ళి పుల్లేశ్వరరావు ఒళ్ళో పోశాను.

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. 

నమోదు 219

పొద్దున గంజి. మధ్యాహ్నం అన్నం, 'మన పులుపు' చారు. 

'మన పులుపు' అంటే కొత్తగా వచ్చిన పొడి. చింతపండు బదులు ఇదే వాడండి, మన చక్రం సరుకు, మన గౌరవం అని వీధంతా బొమ్మలు అతికించారు. ఇనుము కడిగే ఆమ్లంలో ఏదో రంగు కలిపి ఎండబెడతారట. ఫ్యాక్టరీ ఎవరిదయ్యా అంటే ఛైర్మన్‌గారి బావమరిదిది. మొదట చవగ్గానే అమ్మాడు. చింతపండు ధర రెట్టింపయ్యేసరికి తన పొడి ధరా పెంచేశాడు, చింతపండు కంటే వీసమెత్తు తక్కువగా ఉంచి. వాడికి సుంకం ఏమైనా పడిందా? లేదు. మరెందుకు పెంచావురా అంటే, పక్కవాడి ధర పెరిగాక నేను పెంచకపోతే వెర్రివాణ్ణి అనుకుంటారు అన్నాడట. 

చారు నోట్లో పెట్టుకోగానే పళ్ళు పులిసిపోయాయి. కళాయి మీద పూత కూడా లేచిపోయింది.

ముగ్గురు మంచు కోతగాళ్ళు కంచాలు ఎత్తేసి బుల్లెబ్బాయి మెస్సుకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ "ఏవనుకోకు అక్కా" అన్నారు. ఏమనుకోవాలి? మాలో కంచం ఎత్తుకెళ్ళడం వండినవాళ్ళ మొహం మీద ఉమ్మినంత పని. 

నమోదు 226

పొద్దున గంజి. మధ్యాహ్నం అన్నం, అదే చారు. 

ధరలు పెరిగాయని జనం గోల పెడుతుంటే ఛైర్మన్ ఇవాళ ఒక హుకుం తీశాడు. మెస్సు భోజనం రేటు పెంచకూడదు, పెంచితే పొయ్యి సీలు. సరుకు రెండింతలు, భోజనం మాత్రం పాత రేటే! నేనేం పెట్టను, నా చర్మం ఒలిచి వేపుడు చేసి పెట్టనా? 

ఇంకో ఆరుగురు వెళ్ళిపోయారు. గోడ మీద ఇరవై కంచాలు మిగలకపోతే అది మెస్సు కాదని పొయ్యికి సీలు వేస్తారు. ఈ పొయ్యి మా అమ్మది. దాని ముందు నిలబడే పెరిగాను, దాని ముందే మొగుడు పోయిన ఏడుపూ ఏడ్చాను. సీలు వేయడానికి వచ్చినవాడి చెయ్యి విరగ్గొడతాను, ఇన్‌స్పెక్టరూ, ఇది కూడా రాసుకో. 

ఇంత జరుగుతున్నా నా మేకు మీద ఒక కంచం మాత్రం కదలకుండా నిగనిగలాడుతోంది. పెద్ద స్టీలు కంచం, అంచు మీద 'పుల్లేశ్వరరావు' అని చెక్కించుకున్న కంచం. ఛైర్మన్ అయినవాడి ఇంట్లో పొయ్యి ఉండకూడదు. జనం తినే చోటే తినాలి. గెలిపించినందుకు కృతజ్ఞతగా నా మెస్సుకే వచ్చాడు మహానుభావుడు. వరసగా ఏడు పూటలు ఏ మేకూ లేకుండా ఉంటే కుర్చీ పోతుంది.

"పీకి పారెయ్యవే దాన్ని," అన్నాడు సూరన్న బాబాయ్. ఆయన పాత గొట్టాల మేస్త్రీ, మా అమ్మ కాలం నుంచీ నా గోడ మీద కంచం ఉన్న మనిషి.

"ఎలా పీకుతాను బాబాయ్? తిండి ఆపి ఎవర్నీ లొంగదీయకూడదని చట్టం. కంచం నేను దించితే నా పొయ్యే ఆరిపోతుంది."

"మరి అతనే ఎత్తుకెళ్తే?"

నేను గరిటె పక్కన పెట్టి 'మన పులుపు' పొట్లం చేతిలోకి తీసుకున్నాను. 

నమోదు 227

పొద్దున గంజి. మధ్యాహ్నం చెప్తాను, నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఇవాళ నాకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఇన్నాళ్ళూ మర్యాదకి ఛైర్మన్‌కి మాత్రం పాత చింతపండుతో విడిగా చారు పెట్టేదాన్ని. నా మర్యాదకి నిప్పెట్ట! ఇవాళ ఆయనకీ 'మన పులుపు' చారే పోశాను. పొడి పొట్లం కంచం పక్కనే, బావమరిది బొమ్మ కనపడేలా నిలబెట్టాను. ఛైర్మన్ మొదటి ముద్ద తినేదాకా ఇంకెవరూ ముట్టరు కాబట్టి మెస్సంతా ఆయన నోటికేసే చూస్తోంది. 

ముద్ద లోపలికి వెళ్ళింది. ఎడం కన్ను మూసుకుపోయింది. దవడ ఒక పక్కకి జరిగింది.

"ఎలా ఉందండీ మన పులుపు?" అన్నాను చేతులు కట్టుకుని.

"అద్... అద్భుతం," అన్నాడు. 

"ఆయ్! మొహమాటపడకండి. మీకోసం ఇంకో గరిటె," అని పోశాను. వద్దంటే మన సరుకుని, మన గౌరవాన్ని వద్దన్నట్టు. కంచంలో వదిలేస్తే వండినదాన్ని అవమానించినట్టు. చివరి చుక్క దాకా తాగాడు. జనం చప్పట్లు కొట్టారు. 

"పప్పు వేయలేదేంటి వరహాలమ్మా?" అని నీరసంగా అడిగాడు. 

"పప్పుకి సుంకం మంజీరవాళ్ళు కట్టాలి కదండీ. వాళ్ళింకా రాలేదు. రాగానే వేస్తాను."

బెంచీల మీద నవ్వు గుప్పుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూసి నా ప్రాణం లేచి వచ్చింది.

నమోదు 231

రెండు పూటలా అదే చారు, ఆయనకి పెద్ద గరిటె.

ఆయన తప్పకుండా ఎత్తుకెళ్తాడు, నాకు తెలుసు. కానీ పక్క మెస్సులో మేకు దొరికితే నా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. కొత్త కంచానికి మేకు ఇవ్వడం, ఇవ్వకపోవడం మెస్సు యజమాని ఇష్టం. అందుకని ఇవాళ మిగతా ఐదు మెస్సులకీ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. 

నలుగురు త్వరగానే ఒప్పుకున్నారు, కాకపోతే ఒక్కొక్కరూ నా చేత అనిపించారు. వాళ్ళ తినేవాళ్ళందరి ముందూ నిలబడి "నాదే బుద్ధి తక్కువ, నేనే గెలిపించాను," అని చెప్పాను. మొదటి మెస్సులో మూడుసార్లు మొదలెట్టాల్సి వచ్చింది. నాలుగో మెస్సుకి వచ్చేసరికి పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది. 

బుల్లెబ్బాయి అలా వదల్లేదు. ఓట్లనాడు అతను నా మెస్సుకి వచ్చి "వద్దక్కా, మునిగిపోతాం," అని బతిమాలాడు. "నీ మెస్సులో పాతిక కంచాలు లేవు, నువ్వా నాకు చెప్పేది," అని పంపేశాను. ఇప్పుడు అతని గోడ నిండా నా కంచాలే. 

"గిన్నెలు తోముతావా అక్కా?" అన్నాడు, పళ్ళు కుట్టుకుంటూ. 

"ఏ గిన్నెలు?"

"అన్నీ."

తోమాను. నన్ను వదిలి వచ్చినవాళ్ళ ఎంగిలి కంచాలు కూడా నా చేత్తోనే తోమాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి పొగ వల్ల కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనలేదు. తోమినంతసేపూ పుల్లేశ్వరరావు మొహాన్నే తోముతున్నాననుకున్నాను. అందుకే అంత తళతళా వచ్చాయేమో, బుల్లెబ్బాయి కూడా మెచ్చుకున్నాడు. 

"మేకు ఇవ్వనులే, ఫో," అన్నాడు చివరికి. 

నమోదు 236

పొద్దున గంజి. మధ్యాహ్నం అన్నం, చారు, సంతోషం.

ఎత్తుకెళ్ళాడు! నేను రెండో గరిటె ముంచేలోపే లేచి నిలబడ్డాడు. "కార్యాలయ పనుల దృష్ట్యా, దగ్గర్లో ఉన్న మెస్సుకి మారుతున్నాను," అని నోటీసు చదివినట్టు చదివి, మేకు మీద చెయ్యి వేయబోయి ఆగి, కంచం తన చేతిలోనే ఉందని గుర్తొచ్చి, తడి కంచం అలాగే చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చొక్కా మీద చారు మరక ధారగా దిగింది. 

గోడ మీద నాతో కలిపి ఇరవై రెండు కంచాలు. పొయ్యి ఇంకా నాదే. 

నమోదు 237

పొద్దున ఉప్మా. మధ్యాహ్నం సరుకు సంగతి ఎవడికి కావాలి, కబురు విను. 

ఛైర్మన్‌గారు కంచం చంకలో పెట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నారు. మొదటి మెస్సులో మేకులు తుప్పు పట్టాయన్నారు. రెండో దాంట్లో గోడకి సున్నం వేస్తున్నామన్నారు. బుల్లెబ్బాయి అయితే ఎదురొచ్చి, కుర్చీ వేసి, తువ్వాలుతో దుమ్ము దులిపి మరీ కూర్చోబెట్టాడట.

"మేకులు ఖాళీ లేవండీ. కొత్తవి మంజీర నుంచి తెప్పిద్దామంటే సుంకం తమరికి తెలిసిందే కదండీ."

"మేకులు మన ఇనుముతో చేయలేరా?" అని అరిచాడట పుల్లేశ్వరరావు.

"చేస్తున్నారండీ, తమరి బావమరిదిగారే. కొందామంటే వంగిపోతున్నాయండీ."

ఈ ముక్క సూరన్న బాబాయ్ చెప్తుంటే నాకు నవ్వు ఆగక పొలమారింది. నాకు ఆ గిన్నెలన్నీ గిట్టుబాటయ్యాయి.

నమోదు 239

పొద్దున ఏమీ వండలేదు, చెయ్యి ఆడలేదు. 

మధ్యాహ్నం ఏడో పూట. భోజనాల గంట కొట్టేలోపు మేకు దొరకకపోతే కుర్చీ పోతుంది. మెస్సు నిండా జనం, బయట వీధిలో కూడా జనం. నేను అనుకున్నట్టే వచ్చాడు. గడ్డం మాసింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఇంట్లో పొయ్యి లేదు. బావమరిది ఇంటికి వెళ్ళి తింటే తిన్నాడేమో గానీ, ఆ ఇంట్లో కూడా చారు అదే కదా.

"వరహాలమ్మా," అన్నాడు గుమ్మంలోనే. "నా మేకు నాకివ్వు. సుంకం సగానికి తగ్గిస్తాను."

"సగమేంటండీ?"

"మొత్తం తీసేస్తాను. రేపే తీసేస్తాను. నీ మెస్సుకి మాత్రం ఇవాళే మాఫీ రాసిస్తాను."

నా మెస్సుకి మాఫీ. పప్పు, చింతపండు, మిరపకాయలు పాత ధరకి నాకొక్కదానికే. వెళ్ళిపోయిన కంచాలన్నీ సాయంత్రానికల్లా తిరిగొస్తాయి. బుల్లెబ్బాయి గోడ మళ్ళీ బోసిపోతుంది. ఒక్క క్షణం నా నోరు ఊరింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆయన మొహం చూస్తే నేను రేవు గేటు దగ్గర చీటీ పట్టుకుని నిలబడిన సంగతి గుర్తొచ్చి, ఆ ఊరిన నోరే చేదైపోయింది. 

"కూర్చోండి. భోంచేయండి. ఆకలితో వచ్చినవాణ్ణి ఈ గుమ్మం తిప్పి పంపదు," అన్నాను. "మేకు మాత్రం లేదు."

పాత గిన్నె మూత ఒకటి తెచ్చి ముందు పెట్టాను. అందులో అన్నం పెట్టి చారు పోశాను. 'మన పులుపు' కాదు. డబ్బా అడుగున మిగిలిన ఆఖరి చింతపండు పిసికి, ఆవాలు, ఎండుమిరపకాయ వేసి పెట్టిన చారు. పోపు వాసనకి వీధిలో నిలబడ్డవాళ్ళు కూడా ముక్కులు ఎగబీల్చారు. 

మొదటి ముద్దకే ఆయన మూత మీదకి వంగి వాసన చూశాడు. "ఇది చింతపండు కదూ?" అన్నాడు. 

"అవునండీ. మీరు మా నోటి దగ్గర్నుంచి లాక్కున్నది ఇదేనండీ. రుచి తెలిసి పోవాలని పెట్టాను."

గంట మోగింది. ముద్ద నోట్లో ఉండగానే కుర్చీ పోయింది. తల దించుకుని మొత్తం తిన్నాడు, మూత నాకినంత పని చేశాడు. నేను ఎదురుగా కూర్చుని చివరి మెతుకు దాకా చూశాను. నాకు జాలేయలేదు. కడుపు చల్లగా అయింది, పండగలా అనిపించింది.

నమోదు 246

పొద్దున ఉప్మా. మధ్యాహ్నం అన్నం, చారు. సుంకం ఇంకా అలాగే ఉంది. కొత్త ఛైర్మన్ వచ్చేదాకా ఎవరూ తీయలేరట. ఓట్లు ఎల్లుండి.

ఇవాళ నా కంచాలు తిరిగొచ్చాయి. మంచు కోతగాళ్ళు, కొలిమివాళ్ళు, బుల్లెబ్బాయి దగ్గరికి పోయినవాళ్ళు, అందరూ. పుల్లేశ్వరరావుని దింపింది వరహాలమ్మ అని వీధంతా చెప్పుకుంటున్నారు. నేను కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎవరికి వెయ్యాలో కూడా అనుకున్నాను. సుంకం తీసేసేవాడికే, ఆ బావమరిది ఫ్యాక్టరీకి తాళం వేసేవాడికే. నా గోడ నిండితే ఎదురెవరు?

లోపలికి వచ్చి చూస్తే కంచాలన్నీ మొహం గోడకేసి తిరిగి ఉన్నాయి. 

అలా తగిలిస్తే అర్థం ఏమిటంటే, కూడు ఇక్కడే తింటాను, ఓటు మాత్రం నీ చేతికివ్వను, ఓట్లు లెక్కపెట్టే రేవు దగ్గరికి నేనే వెళ్ళి వరసలో నిలబడి చెప్పుకుంటాను అని. అలా తిప్పిన కంచం ఆ పూట దించరు, గిన్నెలో తింటారు. చట్టంలో ఉంది గానీ పని మానుకుని అంతసేపు ఎవరు నిలబడతారు? మా అమ్మ కాలంలో ఎవడో ఒకడు చేశాడని విన్నాను. ఇప్పుడు వాళ్ళ కంచాల్లో ఒక్కటి కూడా నా వైపు చూడట్లేదు. సూరన్న బాబాయ్ కంచం కూడా.

"ఏంటిది?" అని అరిచాను. "మీకోసం ఊరందరి గిన్నెలూ తోమాను! వాడు మాఫీ ఇస్తానన్నా కాలితో తన్నాను! తిన్నింటి వాసాలు లెక్కపెడతార్రా?"

సూరన్న బాబాయే అందుకున్నాడు.

"నీ వంట మీద మాకేం కోపం లేదు వరహాలూ. నీ కోపం చూస్తేనే భయం. మస్తానమ్మ మీద కోపమొచ్చి మా ఓట్లన్నీ అతనికిచ్చావు. అతని మీద కోపమొచ్చింది, దింపేశావు. బాగానే దింపావు, నేనూ చప్పట్లు కొట్టాను. రేపు ఎవరి మీద వస్తుందో నీకు మాత్రం తెలుసా?"

పన్ను విరిగింది నీకోసమే కదయ్యా, నీ పన్ను కోసమే కదా అంతా చేశాను అని నోటిదాకా వచ్చింది. విరిగిన పన్ను కనపడేలా ఆయన నోరు తెరిచి ముద్ద పెట్టుకున్నాడు. ఆయన పన్ను గురించి నన్నేమీ చేయమని ఆయన ఎప్పుడూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. 

చేతిలో గరిటె విసిరేద్దామనుకున్నాను, నిజం. తర్వాత గోడ చివరికి వెళ్ళాను. అక్కడ నా కంచం ఒక్కటే బయటికి చూస్తూ వేలాడుతోంది. దాన్ని తీసి, మొహం గోడకేసి తిప్పి తగిలించాను.

"అదేంటే, నీది కూడానా?" అన్నాడు సూరన్న బాబాయ్. 

"అన్నం చల్లారిపోతోంది, తిను," అన్నాను.